రకాలు కోసేస్తే స్టాకు తగ్గుతుందా?

చెన్నై ప్రాంతంలోని అంబత్తూరు, ఒరగడం చుట్టుపక్కల చిన్న పరిశ్రమలు నడిపే తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సరుకు రకాలను సగం చేస్తే స్టాకు ఖర్చు సగమవుతుందని, ఫోర్డ్ ఒక్క నలుపు రంగుతోనే గెలిచాడని, సరుకును ఉమ్మడి రూపంలో ఉంచి, ఏ రకమన్నది చివరి దశలో ఖరారు చేయడం పెద్ద కంపెనీలకే సాధ్యమని దాని సారాంశం.

ఫోర్డ్ కథను సందేశం సగంలో ఆపింది. 1908లో వచ్చిన మోడల్ టి కారు మొదట వేరే రంగుల్లోనూ దొరికేది. నలుపుకే పరిమితమైనది 1914 నుంచి 1925 వరకు. జనరల్ మోటార్స్ రకరకాల కార్లతో కొనుగోలుదారులను లాక్కుంటుంటే, 1926 కార్లకు ఫోర్డ్ మళ్లీ రంగులు వేసింది. 1927లో ఆ కారు తయారీనే ఆపేసింది.

అసలు పొరపాటు స్టాకు లెక్కలో ఉంది. చెన్నైలో టింటింగ్ మెషీన్ ఉన్న ఏ పెయింట్ దుకాణంలోనైనా వందల షేడ్లు అమ్ముతారు, కానీ అరల్లో ప్రధానంగా ఉండేవి కొన్ని బేస్ డబ్బాలే, అంటే షేడ్ ఇంకా కలపని మూల పెయింటే. కొనేవారు షేడ్ చెప్పాకే రంగు కలుపుతారు. 16 షేడ్ల గిరాకీలో హెచ్చుతగ్గులు ఒకే స్థాయిలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, వాటికి విడివిడిగా ఉంచవలసిన సేఫ్టీ స్టాకులో (గిరాకీ అనుకోకుండా పెరిగితే అక్కరకు వచ్చే అదనపు సరుకులో) నాలుగో వంతు ఉమ్మడి బేస్‌కు చాలు. సందేశం చెప్పినట్టు ఎనిమిది షేడ్లు వదులుకుంటే ఆ స్టాకు మహా అయితే సగానికి వస్తుంది. ఆ కొనుగోలుదారుల్లో కొందరు మిగిలిన షేడ్లకు మారతారు కనుక అంత కూడా తగ్గకపోవచ్చు. పొంగల్ ముందు అన్ని షేడ్ల గిరాకీ ఒకేసారి పెరిగితే ఉమ్మడి బేస్ వల్ల కలిగే లాభమూ తగ్గుతుందన్నది నిజమే.

పెద్ద కంపెనీలకే సాధ్యమన్న మాటకు ఆ పెయింట్ దుకాణమే జవాబు. పెద్ద కంపెనీ అయిన హ్యూలెట్ ప్యాకర్డ్ చేసినదీ అదే పని. దాని డెస్క్‌జెట్ ప్రింటర్లు అమెరికా ఫ్యాక్టరీ నుంచి ఓడలో యూరప్ చేరడానికి దాదాపు నెల పట్టేది. ఏ దేశానికి తగిన పవర్ సప్లైని ఆ దేశపు ప్రింటర్‌కు ఫ్యాక్టరీలోనే బిగించి పంపడంతో, ఒక దేశపు సరుకు పేరుకుపోతుంటే మరో దేశానికి కొరత వచ్చేది. పవర్ సప్లైని యూరప్ గోడౌన్‌లో బిగించేలా డిజైన్ మార్చడమే పరిష్కారమైంది. కంట్రోల్ ప్యానెల్ పెట్టెలు చేసే చిన్న షెడ్డులో కూడా, ఆర్డరు వచ్చాకే రంధ్రాలు కోసేలా పని వరుస మార్చుకోవచ్చు. అందరికీ సరిపోయే ఉమ్మడి భాగానికి ధర కొంత ఎక్కువ కావచ్చు. చవకగా ఉండి వేగంగా అమ్ముడుపోయే సరుకుకైతే ఈ శ్రమ దండగ.

కొనేవారి కంటికి కనబడని రకాలను, అంటే రెండు పొడవుల స్క్రూలు చాలినచోట వాడే ఆరు పొడవులను, నిర్దాక్షిణ్యంగా తీసేయవచ్చు. కొనేవారు అడిగే రకాన్ని తీసేసే ముందు మాత్రం గత ఏడాది బిల్లులు తిరగేయాలి. నెమ్మదిగా కదిలే ఆ ఒక్క రకం కోసమే వచ్చి మిగతా సరుకంతా మన దగ్గరే కొంటున్నవారు వాటిలో కనబడతారు.