చిరుత లేని చిరుతపులి

గత వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద ప్రొజెక్టరు పెట్టి, ఆదివారానికొక సినిమా చూపించాలని సంఘం తీర్మానించినప్పుడు, మొదటి వారం బాధ్యతను నేనే కోరి నెత్తికెత్తుకున్నాను. లూకీనో విస్కోంతి తీసిన, 1963 కాన్ చిత్రోత్సవంలో అగ్ర పురస్కారం పామ్ డోర్ అందుకున్న ఇటాలియన్ చిత్రం 'ద లెపర్డ్'ను ఇన్నేళ్లూ నేనొక్కడినే చూసి మురిసిపోవడం స్వార్థమని నాకు తోచింది. అంతటితో ఆగినా బాగుండేది. వాట్సాప్‌లో నేను పెట్టిన ప్రకటన ఇది: "ఆదివారం రాత్రి ఏడున్నరకు డాబా మీద 'చిరుతపులి'. పిల్లాపాపలతో తప్పక రండి."

పిల్లలు అది జంతువుల సినిమా అనుకుని, ఒంటినిండా కాటుక చుక్కలు పెట్టించుకుని, అమ్మల చున్నీలను తోకలుగా కట్టుకుని వచ్చారు. కుర్రాళ్లేమో 2007 నాటి రామ్‌చరణ్ తొలి చిత్రమనుకుని ఈలలతో సహా సిద్ధమై వచ్చారు. ఇటలీ కోసం వచ్చినవాణ్ణి నేనొక్కడినే.

తెర మీద 1860 నాటి సిసిలీ. పరదాలు గాలికి ఊగుతున్న భవనంలో రాజావారి కుటుంబమంతా మోకరిల్లి జపమాల తిప్పుతున్నారు. మూడో అంతస్తు బామ్మగారు వెంటనే "పూజ జరుగుతోందిరా, చెప్పులు విడవండి" అని గదమాయించడంతో తోకలున్న వారందరూ బుద్ధిగా చెప్పులు విడిచారు. అంతలో తోటలో సైనికుడి శవం కనిపించిందని కలకలం రేగింది. "పులే చంపి ఉంటుంది," అన్నాడు నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు, ఎంతో నమ్మకంగా.

ఇటలీని ఏకం చేయడానికి పోరాడిన గరిబాల్డీ ఎర్రచొక్కాల దళం పలెర్మో వీధుల్లో పోరాడినంతసేపూ నా పరువు నిలిచింది. ఆ తరువాత కుర్రాళ్లు ఒక్కొక్కరే మెట్ల వైపు జరుగుతుండగా కథానాయిక క్లాడియా కార్డినాలె విందుకు వచ్చింది. వెళ్లేవారు వెళ్లినట్టే తిరిగి వచ్చి కూర్చున్నారు. ఆమెకు నేను జన్మంతా ఋణపడి ఉంటాను.

అసలు చిక్కు, సిసిలీ ఇటలీలో కలవాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర వచ్చింది. ఈ సినిమాకు మూలమైన నవల రాసిన లాంపెదూసా స్వయంగా సిసిలీ రాచకుటుంబీకుడు. 1957లో కన్నుమూశాడు, పుస్తకం ఆ మరుసటి ఏడు గాని అచ్చు కాలేదు. అందులో కథ జరిగే ఊళ్లో పోలైన 512 ఓట్లూ 'అవును' అనే తేలతాయి. 'కాదు' అని వేసిన తన ఓటు ఏమైపోయిందని రాజావారి వేట సహచరుడు డాన్ చీచో తెర మీద వాపోతుంటే, వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏటా ఏకగ్రీవంగా ఎన్నికయ్యే మా కార్యదర్శిగారు లేచి, ప్రొజెక్టరు వేడెక్కుతున్నట్టుంది, ఆపేద్దామా అని నన్ను చాలా మర్యాదగా అడిగారు. నేను ఆపలేదు. ఆ నెల మా ఇంటికి నీళ్లు సన్నగా రావడానికీ దీనికీ సంబంధం లేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆపైన, తాము చిరుతలమూ సింహాలమూ అయితే తమ తరువాత వచ్చేవారు నక్కలూ హైనాలూ అని రాజావారు ఉత్తరాది నుంచి వచ్చిన అధికారితో అనే ఘట్టం వచ్చింది. సబ్‌టైటిళ్లను కూడబలుక్కుని చదువుతున్న ఏడో తరగతి పిల్ల "నాలుగు జంతువులు వస్తున్నాయి!" అని కేక పెట్టింది. నిద్రలో ఉన్న పిల్లలందరూ లేచి తోకలు సర్దుకున్నారు. ఒక్కటీ రాలేదు.

పిల్లలు చుట్టుముట్టగా నేను నిజం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ చిరుత రాజవంశపు చిహ్నం మాత్రమేననీ, పైగా ఇటాలియన్‌లో 'గట్టోపార్దో' అంటే చిరుత కాదనీ, అది పొడుగుకాళ్ల అడవిపిల్లి అనీ, ఇంగ్లీషువారు దాన్ని చిరుతను చేస్తే నేను పులిని కూడా తగిలించాననీ వివరించాను. "అంటే పిల్లి కూడా లేదా?" అన్నాడు నాలుగేళ్లవాడు.

ఆ తరువాత ముప్పావు గంట సాగే విందునృత్యాన్ని మాత్రం ఆడవాళ్లు కళ్లార్పకుండా చూశారు. పెళ్లి వీడియోలు చూసి ఆరితేరిన వారికి అది ఏమాత్రం దీర్ఘమనిపించలేదు. పెళ్లికూతురు పిల్ల బాగుందనీ, మగపెళ్లివారికి ఆస్తి కరిగిపోయి ఉంటుందనీ, వంట ఎవరిదోననీ మాట్లాడుకున్నారు. కథ నాకంటే వారికే బాగా అర్థమైంది.

చివరకు రాజావారు ఒంటరిగా నడుస్తూ చీకటి సందులోకి వెళ్లిపోయేసరికి, డాబా మీద దోమలూ, నేనూ, ఆ నాలుగేళ్లవాడూ మిగిలాం. వాడు నా చొక్కా లాగి, గొంతు తగ్గించి అడిగాడు:

"అంకుల్, పులి ఆ సందులోనే ఉంది కదా?"