యానాంను ఫ్రాన్స్ ఊరికే ఇచ్చేయలేదు

నవంబర్ 1 వస్తే చాలు, ఒక మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది: "గోవా కోసం సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్లు మాత్రం పెద్దమనసుతో, ఏ గొడవా లేకుండా, ప్రజల ఓటు తీసుకుని, 1954లో ఒక్క సంతకంతో పుదుచ్చేరి, యానాం మనకిచ్చేసి వెళ్లిపోయారు." చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అందులో గోవా మాట నిజమే. మిగతాది అలా జరగలేదు.

ముందు పెద్దమనసు సంగతి. 1948 జూన్‌లోనే ప్రజాభిప్రాయ సేకరణకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 1949 జూన్ 19న బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో ఓటు పెడితే 7,463 మంది భారత్ వైపు, 114 మంది ఫ్రాన్స్ వైపు నిలిచారు. ఆ లెక్క చూశాక మిగిలిన నాలుగు చోట్లా, అంటే పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలో, ఓటు జరగనే లేదు. ఫ్రెంచి పాలన నడుస్తుండగా ఓటు స్వేచ్ఛగా జరగదని ఢిల్లీ, ప్రజలను అడగకుండా భూభాగాన్ని వదులుకోవడానికి మా రాజ్యాంగం ఒప్పుకోదని పారిస్. ఈ పేచీతోనే ఏళ్లు గడిచాయి. 1954 మేలో పారిస్‌లో మొదలైన చర్చలూ జూన్ మొదట్లో తెగిపోయాయి.

అవి తెగి పది రోజులు తిరక్కముందే, జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంలో పాలనను స్వాధీనం చేసుకున్నారు. జులై 16న మాహే కూడా ఫ్రెంచివాళ్ల చేయి జారింది. మరోవైపు మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. జూన్‌లో ఫ్రాన్స్ ప్రధాని అయిన పియెర్ మెండెస్ ఫ్రాన్స్ అప్పుడు రాజీకి దిగారు. "ఏ గొడవా లేకుండా" అనడం ఆ రోజు యానాం వీధుల్లోకి వచ్చిన మన తెలుగువాళ్లను చరిత్రలోంచి చెరిపేయడమే.

ఇక ప్రజల ఓటు. అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరు అనే పల్లెలో ఓటేసింది ప్రజలు కాదు, వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులు, 178 మంది. విలీనానికి 170, వ్యతిరేకంగా 8. ప్రజలను అడగాలన్న ఫ్రాన్స్ పట్టూ, ఫ్రెంచి పాలనలో ఓటు వద్దన్న మన పట్టూ రెండూ నిలిచేలా కుదిరిన మధ్యేమార్గం ఇది. నా మటుకు నాకు ఇది తెలివైన రాజీయే. కానీ దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అనకూడదు.

ఒక్క సంతకం అన్నది అన్నిటికన్నా పెద్ద తప్పు. అక్టోబర్ 21 ఒప్పందంతో నవంబర్ 1న చేతులు మారింది పాలన మాత్రమే, సార్వభౌమత్వం కాదు. దానికి వేరే ఒప్పందం కావాల్సి వచ్చింది, 1956 మే 28న సంతకాలయ్యాయి. అయినా ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. అల్జీరియాలో యుద్ధం నడుస్తోంది, ఇక్కడ వదిలితే అక్కడా వదలమంటారన్న భయం. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన 1962 జులైలోనే ఆమోదం దొరికింది. ఆగస్టు 16న ఆమోద పత్రాలు మార్చుకున్నాకే సార్వభౌమత్వం మనకొచ్చింది. ఆ దాదాపు ఎనిమిదేళ్లూ యానాంలో పుట్టిన బిడ్డ, ఇంటి ముందు మన జెండా ఎగురుతున్నా, చట్టం దృష్టిలో ఫ్రెంచి గడ్డ మీద పుట్టినట్టే.

వెళ్లిపోయారన్నదీ నిజం కాదు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పొచ్చని 1956 ఒప్పందంలో ఉంది. అలా చెప్పిన కుటుంబాలు పుదుచ్చేరిలో ఇప్పటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తున్నాయి. అందులోని రెండో అధికరణం మనకు ఇంకా దగ్గరిది. ఈ ప్రాంతాలకు ప్రత్యేక పాలనా హోదా ఉంటుంది, దాన్ని మార్చాలంటే ముందు అక్కడి ప్రజల ఇష్టం తెలుసుకోవాలి అంటుంది. కాకినాడకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, తెలుగు మాట్లాడే యానాం ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరితో ఎందుకుందని చాలామంది అడుగుతారు. దానికి జవాబు ఈ షరతులో ఉంది, అది చర్చల బల్ల దగ్గర రాయించుకున్నదే.