తెంగానన్ నేతమ్మకున్న తీరిక ధర్మవరం నేతన్నకు ఏదీ?

బాలి వెళ్లొచ్చిన మన అనంతపురం వాళ్ల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. బెంగళూరు నుంచి నేరుగా విమానం వచ్చాక అటు టూర్లు పెరిగాయి. బీచ్‌లు, గుళ్లు చూశాక ఒక పూట ఏదో ఒక చేతివృత్తుల ఊరికి కూడా వెళ్తారు. అక్కడ నేల మీద కూర్చుని నేస్తున్న ఆడవాళ్లను చూసి, ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చాక ‘మనమెంత సుఖంగా ఉన్నామో అక్కడికి పోతేనే తెలిసింది’ అంటారు. మంచి మనసుతో అనే మాటే. కానీ లెక్క తప్పింది. తూర్పు బాలిలోని తెంగానన్ చూసి వచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. సుఖాన్ని ఏసీతో, గీజరుతో, మెత్తటి పరుపుతో కొలుస్తున్నంత కాలం మన ధర్మవరంలో పట్టుచీర నేసేవాడు కూర్చునే మగ్గం గుంతలో ఏం జరుగుతోందో మనకు కనబడదు.

తెంగానన్ కరంగాసెం ప్రాంతంలో కొండల నడుమ ఉన్న పాత ఊరు. కార్లు ఊరి వాకిట్లోనే ఆగిపోతాయి. లోపల రాళ్లు పరిచిన వెడల్పాటి వీధి, అటూ ఇటూ ఒకే తీరున కట్టిన ఇళ్లు. ఇక్కడ నేసే నూలు బట్టను గెరింగ్సింగ్ అంటారు. నిలువు దారాలైన పడుగుకూ అడ్డ దారాలైన పేకకూ రెండింటికీ ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. నేసేటప్పుడు ఆ రెండు డిజైన్లూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. ఈ పనితనం ప్రపంచంలో కొద్ది చోట్లే మిగిలింది. గుజరాత్‌లో పాటన్ పటోలా అలాంటిది, మన తేలియా రుమాలు అలాంటిది. తేలియా నూలును నూనెలో పదును చేసినట్టే ఇక్కడా ఒక అడవి గింజ నూనెలో, బూడిద నీళ్లలో నూలును వారాల తరబడి నానబెడతారు. ఎరుపు తొగరు జాతి చెట్టు వేళ్ల నుంచి వస్తుంది. నీలిరంగు పక్క ఊళ్లో వేయించుకొస్తారు. ఎరుపు ముదరాలంటే ముంచాలి, ఆరబెట్టాలి, మళ్లీ ముంచాలి. ఒక బట్ట పూర్తి కావడానికి రెండు మూడేళ్లు మామూలే, ఇంకా ఎక్కువ పట్టేవీ ఉన్నాయి.

మగ్గాన్ని చూస్తే మనవాళ్లకు జాలి కలగడంలో వింత లేదు. పడుగు ఒక కొస చట్రానికి, రెండో కొస నేసే మనిషి నడుముకు. కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని, ఒంటి బలంతోనే నూలు బిగువు నిలపాలి. డిజైన్ దారాలను ఎత్తే జకార్డు లేదు, మోటారు ఊసే లేదు. నడుము నొప్పి లెక్కన చూస్తే ధర్మవరం మగ్గమే మేలు.

మరి రెండు మూడేళ్లు ఒకే బట్ట మీద కూర్చున్న ఇల్లాలి ఇంట్లో అన్నం ఎలా ఉడుకుతోంది? ఫొటోలు తీసుకుని వెనుదిరిగేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది.

జవాబు ఊరి చుట్టూనే ఉంది. పొలాలు, అడవి, ఇళ్లు కలిపి తెంగానన్‌కు దాదాపు 900 హెక్టార్ల నేల ఉంది. ఊరి కట్టుబాటు ప్రకారం దాన్ని బయటివాళ్లకు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఊరి ఉమ్మడి పొలాలను పక్క ఊళ్ల వాళ్లు కోరుకు, అంటే పంటలో వాటా ఇచ్చే కౌలుకు, చేస్తారు. ఊరి వాటాగా వచ్చిన పంట సభ్య కుటుంబాలకు చేరుతుంది. అడవిలో కొన్ని రకాల చెట్ల కాయలు ఎవరూ కోయకూడదు, వాటంతట అవి రాలితే ఏరుకోవచ్చు. నూలును పదును చేసే ఆ నూనె గింజ కూడా వాటిలో ఒకటి.

ఈ నేల తమకు ఎలా దక్కిందో చెప్పే కథ కూడా వాళ్లకుంది. బెడాహులు రాజు గుర్రం తప్పిపోతే, వెతకడానికి వెళ్లినవాళ్లకు అది చచ్చి కనబడిందట. కళేబరం వాసన ఎంత దూరం వస్తే అంత నేల మీదేనన్నాడట రాజు. కొలతకు వచ్చిన రాజోద్యోగి పక్కనే నడిచిన పెద్దమనిషి తన బట్టల్లో గుర్రం మాంసం ముక్క దాచుకున్నాడు. ఎంత నడిచినా వాసన వస్తూనే ఉంది! కథే కావచ్చు. కానీ నేల సంపాదించుకోవడం, దాన్ని చేజారనీయకపోవడం ఆ ఊరికి ఎంత ప్రాణమో అందులో తెలుస్తుంది. తిండికి భయం లేదు కాబట్టి అక్కడ నేసే ఇల్లాలికి తొందర లేదు. బేరమాడేవాడికి కుదరదని చెప్పి పంపేయగలదు.

ఇప్పుడు ధర్మవరానికి రండి. జిల్లాల విభజనలో శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయినా మాకు అది ఇప్పటికీ అనంతపురం ధర్మవరమే. మగ్గం ఉన్న ఇంట్లో ఫ్యాన్ ఉంది, టీవీ ఉంది, చేతిలో ఫోనుంది. కానీ చాలా ఇళ్లలో మగ్గం మీద ఉన్న పట్టు, జరీ పెట్టుబడి పెట్టి నేయించే మాస్టర్ వీవర్‌వి. నేసేవాడికి వచ్చేది చీరకింత అని కూలి. పెళ్లికో, ఆస్పత్రికో తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంకో చోట నేయలేడు, కూలి పెంచమని గట్టిగా అడగలేడు. వాన గట్టిగా పడితే గుంతలో నీళ్లూరి పని ఆగుతుంది, బాకీ ఆగదు. ఆ టెన్షన్ తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు ఈ జిల్లాలో ఎన్నిసార్లు చదివామో! 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఆ తెంగానన్ ఇల్లాలిని చూసి జాలిపడి వచ్చిన మనం ఇంట్లో పెళ్లికి ధర్మవరంలో చీర బేరమాడతాం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చిన గత ప్రభుత్వ పథకం 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే మొదలైంది. ఇప్పటి ప్రభుత్వం చేనేత ఇళ్లకు 200 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించింది. కేంద్రం నూలు, పట్టు మీద 15 శాతం రాయితీ ఇస్తోంది. ఇవన్నీ అవసరమే. కానీ పట్టు తాను కొనని కూలి నేతగాడికి పట్టు మీద రాయితీ ఏ రూపంలో చేరుతుంది? మగ్గం మీద సరుకు ఎవరిదో తేలనంత కాలం ఖాతాలో పడిన డబ్బు బాకీ వైపే పోతుంది.

తెంగానన్ చిన్న ఊరు, టూరిస్టుల డబ్బుంది, వేల మగ్గాల ధర్మవరంతో దానికి పోలికేంటని కొందరంటారు. నిజమే. ఆ ఊరి తీరిక వెనుక పక్క ఊళ్ల కౌలుదార్ల చెమట ఉందన్నదీ నిజమే, బయటి పెళ్లి చేసుకుంటే సభ్యత్వానికే ఎసరొచ్చే కట్టుబాట్లు నాకూ నచ్చవు. ఆ ఊరిని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపమని నేను చెప్పడం లేదు. నేతగాళ్ల వెనుక ఒక ఉమ్మడి ఆస్తి ఉంటే బతుకు ఎలా మారుతుందో చూడమంటున్నాను.

ఆ సంగతి సీమకు కొత్తా? 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతకారుల సహకార సంఘం పెట్టారు. కరువు నేలలో ఒక ఊరు ఊరంతా దాని నీడన మగ్గం మీద నిలబడింది. ఇంకా వెనక్కి వెళ్తే కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని చేసి చెరువు కట్టిన సంగతి రాతి మీద చెక్కించి పెట్టారు. చెరువులను బాగు చేసేవాళ్లకు దశబంధం మాన్యాలు ఇచ్చిన నేల ఇది. చెరువు, మాన్యం, మేత బీడు, సంఘం అన్నీ ఊరందరివిగా ఉన్నప్పుడు వాన తక్కువైనా సీమ బతికింది. చెరువులు ప్లాట్లయ్యాయి, బీడుల మీద పట్టాలు పుట్టాయి, సంఘాలు చిక్కిపోయాయి. మన కరువు గురించి మాట్లాడేవాళ్లంతా ఆకాశం వైపు చూస్తారు. పోయిన ఈ ఉమ్మడి ఆస్తుల జాబితా ఎవరూ తీయరు.

ధర్మవరానికి కావాల్సింది మొదట పట్టు బ్యాంకు. నేతగాళ్ల సంఘమే ముడిపట్టు, జరీ కొని సభ్యులకు అప్పుగా ఇవ్వాలి, చీర అమ్ముడయ్యాక ఆ బాకీ మినహాయించుకోవాలి. అడ్వాన్సు బాకీలను తక్కువ వడ్డీకి సంఘం రుణాలుగా మార్చాలి. మునిసిపాలిటీ మెరక మీద నీళ్లూరని మగ్గం షెడ్లు కట్టి, వాటిని ఎవరి పేరునా రాయకుండా సంఘం పేరునే ఉంచాలి. వచ్చే ఆగస్టు 7న చేనేత దినోత్సవం వేదిక మీద శాలువాలు కప్పడానికి వచ్చే మంత్రులను ఈ మూడు పనులకూ తేదీలు చెప్పమని అడగండి, చెప్పిన తేదీని రాసుకోండి.