విషానికి మందైన బొగ్గు రేడియేషన్‌కు మందు కాదు

పురుగుమందు పడ్డ మేత తిని గేదె నురగలు కక్కుతుంటే పశువుల డాక్టరు అట్రోపిన్ ఇంజక్షన్ చేసి, యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే విషాన్ని తన సూక్ష్మరంధ్రాల్లో పట్టుకునే బొగ్గుపొడిని, నీళ్లలో కలిపి పట్టిస్తారు. ఆ నల్లనీళ్లు ఎన్నో పశువులను కాపాడాయి. కానీ రేడియేషన్ జబ్బుకూ అదే మందంటే నేను ఒప్పుకోను.

బయటి నుంచి గామా కిరణాలు తగిలిన జంతువు పొట్టలో బొగ్గు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కిరణం దూసుకుపోయింది. దెబ్బతిన్నవి మూలుగ, పేగు లోపలి పొర. తెల్లకణాలు పడిపోతాయి, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు కావాల్సింది సెలైన్, యాంటీబయాటిక్స్, రక్తం. రేడియేషన్ ఇచ్చిన కుక్కల రక్తాన్ని బొగ్గు గొట్టాల గుండా పంపి శుద్ధి చేసిన ప్రయోగాలు ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. కానీ అది వేరు, కొట్టంలో పొడి కలిపి తాగించడం వేరు. నీరసించిన పశువుకు బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు.

మేతతో పాటు రేడియోధార్మిక ధూళి కడుపులోకి పోతే సంగతి వేరు. అక్కడైనా బొగ్గు పనికొస్తుందా? అలాంటి ధూళిలో ఉండే రేడియోధార్మిక పదార్థం సీజియం-137 ఉప్పులా నీళ్లలో కరిగి, పొటాషియం వెళ్లే దారినే కండలోకి చేరుతుంది. బొగ్గు సూక్ష్మరంధ్రాలకు అది దాదాపు చిక్కదు. జొన్న పిలకలు మేసి నాము (సైనైడ్ విషం) తగిలిన పశువుకు డాక్టరు బొగ్గు మీద ఆధారపడకుండా థయోసల్ఫేట్ ఇస్తారు కదా, ఇదీ అంతే. ఏ విషానికి ఆ విరుగుడే.

సీజియానికి విరుగుడేమిటో 1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత నార్వే చూపించింది. వానతో దిగిన సీజియాన్ని లైకెన్లు (రాళ్ల మీద, నేల మీద నాచులా పెరిగేవి) పీల్చుకున్నాయి, వాటిని మేసిన రెయిన్‌డీర్ల (మంచు ప్రాంతపు జింకల) మాంసం నిండా అదే. కిలోకు 600 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటకూడదన్న పరిమితిని రెయిన్‌డీర్ మాంసానికి ఆ ఏడాదే 6,000కు పెంచాల్సి వచ్చింది. లేకపోతే రెయిన్‌డీర్లను పెంచే సామీ ఆదివాసుల బతుకే ఆగిపోయేది. అప్పుడు ఆదుకున్నది ప్రష్యన్ బ్లూ, మనం నీలిరంగుగా ఎరిగినదే. దాన్ని తేనెమైనంలో, బరువు కోసం బెరైట్ ఖనిజంతో కలిపి గోళీలు చేశారు. ఆ బరువుకు గోళీ నెమరుతో పైకి రాకుండా మొదటి పొట్టలోనే ఉండి, వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతుంది. సీజియాన్ని పట్టుకుని పేడతో బయటకు పంపేస్తుంది. గొర్రెలకూ అదే ఇచ్చారు, నాకే ఉప్పుగడ్డల్లోనూ కలిపారు.

రెయిన్‌డీర్‌ను కోసే ముందు బతికుండగానే దాని తొడ కండకు డిటెక్టర్ ఆనించి చూస్తారు. అంకె ఎక్కువ వస్తే ఆ జంతువును కోయరు, శుభ్రమైన మేత మీద కొన్ని వారాలు ఉంచి మళ్లీ చూస్తారు.