మెమరీకి నోరెందుకు?

ప్రాసెసర్‌కూ డీర్యామ్ చిప్‌లకూ (కంప్యూటర్ పని చేస్తూ డేటా ఉంచుకునే మెమరీ) నడుమ మెమరీ కంట్రోలర్ ఉంటుంది. ఏ ఆదేశం ఎప్పుడు పంపాలో లెక్కలన్నీ దానివే. చిప్ చెప్పింది చేస్తుంది, ఎదురు మాట్లాడదు. దశాబ్దాలుగా ఇదే పద్ధతి. ఇప్పుడు చిప్‌కు కూడా "కాస్త ఆగు" అనే హక్కు ఇవ్వాలా అన్నది తగువు. తగువు పడేది ఇద్దరు: ఒకరు కంట్రోలర్ డిజైన్ చేసేవారు, మరొకరు మెమరీ చిప్ తయారుచేసేవారు.

కంట్రోలర్: ఒక్క రీడ్ ఎలా జరుగుతుందో చూడండి. యాక్టివేట్ అంటాను, సుమారు 14 నానోసెకన్లలో మెమరీ సెల్స్ వరుస మొత్తం సెన్స్ యాంప్లిఫయర్లలోకి (సెల్‌లోని చిన్న చార్జ్‌ను చదివే సర్క్యూట్లు) వస్తుంది. రీడ్ అంటాను, ఇంచుమించు అంతే సమయంలో డేటా పిన్నుల మీదికి వస్తుంది. "అయిందా?" అని నేను అడగను, "అయింది" అని మీరు చెప్పరు. గడువు ముందే తెలుసు కాబట్టే ఆ ఖాళీలో ఇంకో బ్యాంకులో, అంటే చిప్‌లో విడిగా పనిచేసే మరో భాగంలో, వరుస తెరుస్తాను. ఇంత సాఫీగా నడిచేదానికి నోరెందుకు?

మెమరీ: గడువు ముందే తెలుసంటున్నారు. మరి మెషీన్ ఆన్ చేయగానే మీరు చేసే పనేమిటి? డీడీఆర్5 (డీర్యామ్‌లో డీడీఆర్4 తర్వాతి తరం) మాడ్యూల్ కొత్తగా పెట్టినప్పుడు స్క్రీన్ చాలాసేపు నల్లగానే ఉంటుంది. కొన్నవాడు టెన్షన్ పడి మళ్లీ పవర్ బటన్ నొక్కుతాడు. ఆ సమయమంతా ట్రైనింగే, అంటే సిగ్నళ్ల సమయాలు సరిచూసుకోవడమే. డేటా ఎప్పుడు అందుకోవాలో చెప్పే స్ట్రోబ్ సిగ్నల్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, రాసి చదివి, ఎక్కడ తప్పు వస్తోందో వెతుక్కుంటారు. రాసేటప్పటి స్ట్రోబ్‌ను క్లాక్‌తో కలిపే రైట్ లెవలింగ్‌లో అయితే మీ స్ట్రోబ్ వచ్చిన క్షణంలో క్లాక్ ఎలా ఉందో చూసి, సున్నానో ఒకటో మా చిప్ చెబితేనే మీకు దారి దొరుకుతుంది. అది మా నోరు కాదా?

కంట్రోలర్: ట్రైనింగ్‌లో ఎంతైనా మాట్లాడండి. పని మధ్యలో వద్దు. రిఫ్రెష్, అంటే సెల్స్‌లో కారిపోయే చార్జ్‌ను మళ్లీ నింపడం, ఆ సంగతే తీసుకోండి. డీడీఆర్4లో 7.8 మైక్రోసెకన్లకు ఒకటి పంపాలి. 8 గిగాబిట్ చిప్‌లో ఒక్కో రిఫ్రెష్‌కు 350 నానోసెకన్లు పోతాయి. రద్దీగా ఉంటే ఎనిమిది దాకా వాయిదా వేసుకోమని ప్రమాణమే అంటోంది, తీరిక దొరికాక బాకీ తీర్చేస్తాను. ఆ పని మీకు అప్పగిస్తే, బయట క్యూ ఉందో లేదో చూడకుండా తలుపేసుకుంటారు.

మెమరీ: ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టినప్పుడు సెల్ఫ్ రిఫ్రెష్‌లో డేటాను కాపాడేది ఎవరు మరి?

కంట్రోలర్: ఎవరూ లేని ఇంటికి కాపలా వేరు, జనం నిండిన ఇంట్లో వడ్డన వేరు.

మెమరీ: సరే, వడ్డన దగ్గరే మాట్లాడదాం. రోహామర్ గురించి 2014లో పరిశోధకులు బయటపెట్టారు. రిఫ్రెష్ పడేలోపు ఒకే వరుసను లక్షకు పైగా సార్లు తెరిచి మూస్తే, పొరుగు వరుసలో బిట్లు తిరగబడ్డాయి. మీ షెడ్యూలర్ ఒక్క గడువూ తప్పలేదు. ఆదేశాలన్నీ సక్రమం, డేటా మాత్రం పాడు! పైగా ఐదో నంబరు వరుస పక్కన నిజంగా ఆరోదే ఉంటుందని మీకెవరు చెప్పారు? చెడిన వరుసల బదులు వేరేవి వాడతాం, నంబర్లు లోపల మారతాయి. ఎవరి పక్కన ఎవరున్నారో తెలిసింది మాకే.

కంట్రోలర్: తెలిసి ఏం చేశారు? రోహామర్‌ను ఆపడానికి టీఆర్‌ఆర్ అని చిప్ లోపల ఏదో పెట్టి, అదెలా పనిచేస్తుందో ఎవరికీ చెప్పలేదు. 2020లో టీఆర్‌రెస్పాస్ అనే దాడితో పరిశోధకులు ఒకేసారి చాలా వరుసలను దంచి చూశారు. 42 మాడ్యూళ్లలో 13 లొంగిపోయాయి.

(ఇక్కడ చిప్ వారు కాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం. గుట్టుగా పెట్టిన తాళం గట్టిదని మనల్ని నమ్మించారు మరి.)

మెమరీ: దాచడం తప్పే. అందుకే ఈసారి దాచలేదు. 2024లో డీడీఆర్5 ప్రమాణంలోకి ప్రాక్ అనే ఏర్పాటు వచ్చింది. ఏ వరుస ఎన్నిసార్లు తెరుచుకుందో ఆ వరుసలోనే లెక్క ఉంటుంది. హద్దు దాటితే మా చిప్ అలర్ట్ పిన్ వోల్టేజీని కిందికి లాగి మీకు కబురు పంపుతుంది. మీరు వెంటనే ఆగక్కర్లేదు, కాస్త గడువు ఉంటుంది. ఆ లోపు, రిఫ్రెష్‌కు మాకు సమయమిచ్చే ఆర్‌ఎఫ్‌ఎం ఆదేశం ఇస్తే మేం పొరుగు వరుసలను రిఫ్రెష్ చేసుకుంటాం.

కంట్రోలర్: ఆ లెక్క రాసుకోవడానికి వరుస మూసినప్పుడల్లా పట్టే ప్రీచార్జ్ సమయం పెంచారు. దాడి ఊసే లేని ప్రోగ్రాములు కూడా ఆ ఖర్చు మోయాలి. ఇంకో చిక్కుంది. దురుద్దేశంతో రాసిన ప్రోగ్రాం పదేపదే అలర్ట్ తెప్పిస్తే, పక్క ప్రోగ్రాముల పనీ ఆగుతుంది.

మెమరీ: ఎస్‌ఎస్‌డీల్లో ఉండే ఫ్లాష్ చిప్‌లకు, పనిలో ఉన్నామని చెప్పే రెడీ-బిజీ పిన్ మొదటినుంచీ ఉంది. దాని మీద ఎవరూ గొడవ పడలేదే!

కంట్రోలర్: ఎరేజ్‌కు మిల్లీసెకన్లు పట్టేచోట అడిగి కనుక్కోవచ్చు. 14 నానోసెకన్ల పనికి అడుగుతూ కూర్చుంటానా? ఆ ఫ్లాష్‌లోనే, ఎస్‌ఎస్‌డీ తనంతట తాను డేటా సర్దుకుంటుంటే విసిగి, ఆ పగ్గాల్లో కొన్ని వెనక్కి తెచ్చుకోవడానికే ఎక్కడ ఏం రాయాలో కంప్యూటరే చూసుకునే జోన్డ్ నేమ్‌స్పేస్‌లు తెచ్చారు. సరే, ఒక్క మాట చెప్పండి. అలర్ట్ తీగ మాడ్యూల్ మీది చిప్‌లన్నిటికీ ఉమ్మడి. లాగింది ఏ చిప్, ఏ బ్యాంకు అని నాకెలా తెలియాలి?

మెమరీ: తెలియదు. అందుకే అన్ని బ్యాంకులకూ కలిపి ఆర్‌ఎఫ్‌ఎం ఇమ్మంటున్నాం.

కంట్రోలర్: ఒకడు దగ్గితే వీధంతటికీ కషాయమా! ఇంకో పిన్ ఇవ్వండి, అప్పుడు ఆగుతాను.

మెమరీ: పిన్ను పెరిగితే ఖర్చు పెరుగుతుందని ప్రతిసారీ గొడవ చేసేది మీరే కదండీ.