పగడాల పేర్లలో శాస్త్రజ్ఞుల జోక్యం తగదు

అమెరికాలో నట్టింట సముద్రపు తొట్టె నిలిపి పగడపు జీవులను పెంచుకునే వారికి జీవశాస్త్రజ్ఞులు చేస్తున్న అపచారాన్ని ఇక ఉపేక్షించరాదు. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్ అనే మూడు రకాల పగడాలకు ఉమ్మడి ప్రజాతి పేరైన యూఫిలియా అన్న మాటకు అందరి నోరూ అలవాటు పడ్డాక, 2017లో హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్‌లను ఫింబ్రియాఫిలియా అనే ప్రజాతిలోకి నెట్టేశారు. వాటి పక్కనే పెరిగే టార్చ్‌ను మాత్రం, అది ఏ పుణ్యం చేసుకుందో గానీ, పాత ఇంటిపేరుతోనే ఉండనిచ్చారు. అంతకు ముందు ఏడాదే అకాన్ లార్డ్ అనే మరో పగడం కాస్తా మైక్రోముస్సా అయింది. డీఎన్‌ఏ చూశామనీ, అస్థిపంజరంలోని గుంటలను, పలకలను కొలిచామనీ వారి సమర్థన. కండ ఊడి ఎముక బయటపడితే తప్ప పేరు తేల్చలేని విద్య తొట్టెదారులకు ఎందుకు ఉపకరిస్తుందో వారే చెప్పాలి. (కొత్తవారి తొట్టెల్లో అటువంటి ఎముకలకు కొదవ ఉండదన్నది వేరే సంగతి.)

వర్తకుల పద్ధతి ఎంత నిర్దుష్టమో చూడండి. బొత్తామంత ఉండే జోవాంథస్ అనే మెత్తటి పగడపు జీవికి ‘రాస్తా’ అనో, ‘ఫ్రూట్ లూప్స్’ అనో, ‘అటర్ కేయాస్’ అనో నామకరణం జరుగుతుంది. ఏ సముద్రంలో పుట్టింది, ఏ జాతికి చెందింది అని ఎవరూ అడగరు, పాలిప్ (గుంపులోని ఒక్కో పువ్వులాంటి జీవి) ఒక్కింటికి ఇంత అని ధర మాత్రం పలుకుతుంది. జీవి ఒంట్లోని ప్రోటీన్లు నీలి ఎల్‌ఈడీ కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా వెదజల్లుతాయి గనుక బేరమంతా ఆ నీలి వెలుతురులోనే సాగుతుంది. చీరను కొట్టు బయటికి తెచ్చి ఎండలో చూసుకునే మన ఆడవాళ్ల అపనమ్మకానికి అక్కడ తావు లేదు. ఇంటికొచ్చాక దీపం మారి రంగు మారితే పేరు పోతుంది, పేరు పోతే ధర పోతుంది. ఇంత జరిగినా మారనిది జాతి ఒక్కటే. అంత మొండి వస్తువును పట్టుకుని వ్యాపారం ఎలా చేయడం?

ఈ పేర్లలో ఒక్క లోటుంది. జోవాంథస్ బంధువైన పాలిథోవాలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది, దేనికి ఉందో కంటితో పోల్చలేం. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టెలోని పగడాలను శుభ్రం చేయబోయిన ఒక కుటుంబం ఆ విషం సోకి ఆస్పత్రి పాలైంది. ఆ గుణాన్ని పేరులో ఇమిడిస్తే గిరాకీ తగ్గుతుంది గనుక వర్తకుల మౌనం వివేకమేనని ఒప్పుకోవాలి.

మన దేశపు చట్టానికి ఈ బెడదే లేదు: 2001లో రాతి పగడాలన్నింటినీ, ఏ జాతి అని విచారించకుండా, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి పులి సరసన కూర్చోబెట్టింది.

అమెరికా తొట్టెల్లో ప్రతి ఒక్కరూ తడుముకోకుండా గుర్తుపట్టే ప్రాణి ఒకటుంది, అది ఐప్టేసియా అనే, కలుపుమొక్కలా పెరిగే సీ అనిమోన్. తొట్టెలో వేసే రాయితో పాటు ఉచితంగా వస్తుంది. పగడాలు బతకాలని నీటిలో కాల్షియం 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) దగ్గర, క్షారత 8 డీకేహెచ్ (క్షారత కొలమానం) దగ్గర నిలపడానికి యజమాని రాత్రింబవళ్లు పడే పాట్లతో దానికి నిమిత్తం లేదు; కోస్తే రెండవుతుంది. దానికి కూడా ఒక మంచి వాణిజ్య నామం పెట్టి, పాలిప్‌కు 200 డాలర్లు నిర్ణయించాలని నా ప్రతిపాదన. ఆ మర్నాటి నుంచే అది చావడం మొదలుపెడుతుంది.