గోలీకీ రీఫండుకీ ఒకటే వాలు

ఇక్కడ అమెరికాలో మా స్టేటు వారు ఎంతో ప్రేమగా నాకో ఫారం పంపారు. పేరు 1099-జి. నిరుడు ఏప్రిల్‌లో నాకు 640 డాలర్ల పన్ను రీఫండ్ ఇచ్చారట, ఆ సంగతి ఫెడరల్ వారి, అంటే కేంద్ర పన్నులవారి, చెవిన కూడా వేశారట. ఇచ్చినవాళ్లు ఊరుకోవచ్చు కదా! పెళ్లిలో చదివింపుల్లా మైకులో చదవాలా?

అవి నా డబ్బులే. 2024 జనవరి జీతం నుంచీ పట్టుకుంటూ వచ్చి, ఎక్కువ పట్టామని 2025 ఏప్రిల్‌లో తిరిగిచ్చారు. వడ్డీ లేదు. 2026 ఏప్రిల్‌కి అదే నా ఆదాయమైపోయింది. చట్టం తప్పని అనను. స్టేటు పన్ను కట్టానని షెడ్యూల్ ఎ లో, అంటే ఖర్చులు విడివిడిగా చూపే ఫారంలో, ఫెడరల్ పన్నుకి తగ్గింపు తీసుకున్నాను కాబట్టి, వెనక్కి వచ్చిన మేరకు ఆ లాభం కక్కాలి. నాది 22 శాతం బ్రాకెట్. 140 డాలర్ల 80 సెంట్లు.

అదే రాత్రి మా ఎనిమిదో తరగతి వాడు వంటింటి టేబుల్ మీద వాలు తలం పెట్టాడు. సైన్స్ ప్రాజెక్టట. గాడి ఉన్న చెక్క, గోలీ, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఎత్తు కోసం చెక్క కింద నా ట్యాక్స్ ఫైలు. మొదటి సెకనులో 10 సెంటీమీటర్లు, రెండో సెకనులో 30, మూడో సెకనులో 50. ఒకటి, మూడు, అయిదు. గెలీలియో 1638లో అచ్చు వేయించిన లెక్కే. పాపం ఆయనకు ఫోన్ లేదు, కారిన నీళ్లు తూచి కాలం కొలిచాడు.

గోలీకి 640 అని పేరు పెట్టాను. పై కొస స్టేటు, కింది కొస నేను, టేబుల్ అంచు దాటితే నేల మీద ఫెడరల్ వారి స్టీలు గిన్నె. మొదటిసారి, ఠంగ్! రెండోసారి చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ల సందులోంచి జారి, ఠంగ్! "నాన్నా, నువ్వు ముట్టుకుంటే రీడింగ్ పాడవుతుంది" అని వాడు కసిరాడు. "ఆ గిన్నెలో పప్పు నానబెట్టాలి" అని లోపల్నుంచి మా ఆవిడ. ఆరుసార్లు దొర్లించాం. ఒక్కసారైనా గోలీ నా దగ్గర ఆగితే ఒట్టు.

నా 140 పోతే పోనీ. కానీ మా వీధిలో ఒకాయన స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులు విడిగా చూపకుండా గంపగుత్తగా ఇచ్చే తగ్గింపు, తీసుకున్న మనిషి. ఆయన రీఫండ్ మీద ఫెడరల్ పన్ను దమ్మిడీ కూడా ఉండదు. ఇంకొకాయన స్టేటు పన్ను, ఇంటి పన్ను కలిపితే అప్పటి 10,000 డాలర్ల పరిమితి ఎప్పుడో దాటేశాడు. పైన కట్టినదానికి తగ్గింపే రాలేదు, ఇక ఏ లాభం వెనక్కివ్వాలి? ఇద్దరూ ఆ ఫారం చూసి మొత్తం ఆదాయంలో కలిపేశారు. "గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం, మనకెందుకండీ గొడవ" అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి క్యూలో నిలబెట్టి, మనిషిని ఎంత భయపెడితే బాకీ లేని పన్ను తనంతట తనే కడతాడు? వీళ్లకు ఒక ముక్క స్పష్టంగా, అర్థమయ్యేలా రాసి పంపితే ఎవరి సొమ్ము పోయింది?

ఇద్దర్నీ కూర్చోబెట్టి 1040-ఎక్స్, అదే వేసేసిన రిటర్ను సరిదిద్దే ఫారం, నింపించాలి. దానికి పాత కాగితాలు చూడాలని ఫైలు లాగాను. చెక్క కూలింది. గోలీ ఫ్రిజ్ కిందికి పోయింది. మావాడు ఇంకా నాలుగు రీడింగులు తీసుకోవాలట.